గంపలో కుక్క

కుక్క లేని పెళ్లి కూడా ఒక పెళ్లేనా?

నన్నడిగితే, మేళం లేకపోయినా సర్దుకోవచ్చు గానీ కుక్క లేకుండా మాత్రం కుదరదు! లెక్కలేనన్ని పెళ్లిళ్లలో భోంచేసిన అనుభవంతో చెబుతున్నాను. కుక్క అలగదు. పప్పులో ఉప్పు తగ్గిందని ఊరంతా చాటదు. పెళ్లికొడుకు జీతమెంతని ఆరా తీయదు. అన్నిటికీ మించి, ఫొటో తీస్తుంటే కళ్లు మూసుకోదు. ఇన్ని సుగుణాలున్న బంధువు మీ వంశంలో ఒక్కరైనా ఉన్నారా? గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి!

అయినా ఇలాంటి శుభకార్యానికి ముఖం మాడ్చుకునే మొండివాళ్లు ఉంటారు. మా బీదర్‌లో అంబాదాస్ అలాంటివాడే. ధాన్యం మార్కెట్ గాంధీ గంజ్‌లో ముప్ఫై ఏళ్లుగా హమాలీ. కందుల బస్తాలు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయిన మనిషి. పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావడం వాళ్లింటి ఆచారం. చెల్లెలు మహాదేవికి ఆడపిల్ల పుట్టిందని తెలిసిన రోజునే అతను గంజ్‌లో అందరి ముందూ అనేశాడు: "ఎవలింట్లనన్న గంప నలుగురు మోస్తరు. నా మేనకోడల్ని నేనొక్కన్నే మోస్త!"

ఎన్ని వేల బస్తాలు మోసినా, తనదనుకున్న బరువు అదొక్కటే. ఆ పాప ఇప్పుడు పెళ్లికూతురైంది. పేరు శ్రద్ధ.

అంబాదాస్ గంప అల్లించాడు, పసుపు పూయించాడు. అప్పుడు దిగాడు ఈవెంట్ మేనేజర్ సుమిత్.

"అంకుల్, గంపల బ్రైడ్ అంటే అందరు చూసిందే. బ్రైడ్ పూల పందిరి కింద స్లోగ నడుస్తది. గంపల జాయ్ వస్తడు. వీడియో ఎక్కడికో పోతది!"

జాయ్ అంటే శ్రద్ధ పెంచుకున్న లాబ్రడార్. ముప్ఫై కిలోలు. శుభలేఖలో "చి. జాయ్" అని అచ్చయింది, అదీ మేనమామ పేరుకు పైన! పక్కనే దాని పాదముద్ర. ఇందులో తప్పేముందండీ? అంబాదాస్ పాదముద్ర వేస్తే ఎవరు చూస్తారు?

"మరి నేనేం మొయ్యాలె?" అన్నాడు అంబాదాస్.

"జాయ్‌ని. ఈ ఒక్కపారి ఒప్పుకో అన్నా, పిల్ల ముచ్చట" అంది మహాదేవి.

"నాకు లేదా చెల్లే, ముచ్చట?"

"నీ నడుం సంగతి నాకు తెల్వదా మామా? జాయ్ అయితె అల్కగుంటడు" అంది శ్రద్ధ, ముఖంలోకి చూడకుండా. అంబాదాస్ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎంత పాతకాలపు మనిషో చూశారా!

నౌబాద్‌లోని ఫంక్షన్ హాల్లో పెళ్లి. అంబాదాస్ నెత్తికి గుడ్డ చుట్టుకున్నాడు. తోటి హమాలీ నవనాథ్ ఒక చెయ్యి వేస్తే గంప పైకి లేచింది. అందులో జరీ షేర్వానీ తొడుక్కొని జాయ్! ముప్ఫై ఏళ్లలో ఏ కందుల బస్తా చేయని పని అది చేసింది: వంగి అంబాదాస్ చెవి నాకింది. పాపం, కోపమంతా ఎవరి మీద చూపించాలో అతనికి తెలియలేదు.

పది అడుగులు వేశాడో లేదో, సుమిత్ ఏర్పాటు చేసిన చిచ్చుబుడ్లు రెండు వైపులా భుస్సుమన్నాయి. జాయ్ ఒక్క దూకు దూకి భోజనాల హాల్లోకి పరుగు! దాని వెనక సుమిత్, నాలుగు కెమెరాలు, ఒక డ్రోన్, సగం మంది చుట్టాలు. పూల పందిరి పట్టుకున్న నలుగురూ పందిరి కింద పడేసి ఉరికారు.

"ముహూర్తానికి ఇంకా నాలుగే నిమిషాలు!" అని అరిచాడు పంతులు. అడ్డుతెర వెనకనుంచి పెళ్లికొడుకు సిద్ధార్థ్ తల బయటపెట్టి చూశాడు. నడుమ దారిలో మిగిలింది ఇద్దరే. పెళ్లికూతురు, గంప దించుకొని నిలబడ్డ మేనమామ.

"మామా, గంప ఖాళీగనే ఉన్నది గద" అంది శ్రద్ధ మెల్లగా.

"ఎక్కు బిడ్డా."

"నేను బరువుంట మామా."

"కందుల బస్తల సగం లెవ్వు. కూసో!"

వెనకనుంచి నవనాథ్ ఉరికొచ్చి మళ్లీ చెయ్యి వేశాడు. పంతులు భయంతో కళ్లు మూసుకున్నాడు. అంబాదాస్ మాత్రం తడబడకుండా నడిచాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ముహూర్తానికి ఒక నిమిషం ముందే మేనకోడల్ని పీట మీద దించాడు.

నెల తర్వాత ఆల్బమ్ వచ్చింది. బల్ల కింద జాయ్, లడ్డూల పళ్లెంతో జాయ్, సుమిత్‌ను కిందపడేసిన జాయ్. అంబాదాస్ గంప మోసిన ఫొటో ఒక్కటీ లేదు! శ్రద్ధ రెండుసార్లు వెతికి కళ్లనీళ్లు పెట్టుకుంది. అంబాదాస్ నవ్వి, "నాకు యాదికున్నది తియ్" అన్నాడు.

అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నాను. మీ ఇంట్లో పెళ్లుందా? కుక్కను తప్పకుండా పిలవండి. కెమెరాలన్నీ దాని వెంట పోతాయి. ఆ కాసేపట్లో మీరు పెళ్లి చేసుకోవచ్చు.