జిల్లా దాటరాదు

ఆ రోజు పొద్దున పంకజాక్షి వేసుకున్న పథకం చాలా చిన్నది. మద్రాసు బస్సు దిగిన నలుగురు ఫ్రెంచివాళ్లకు ఇడ్లీలు పెట్టాలి. వ్యాను డ్రైవరు మునిప్రసాద్‌తో తిరుమల పంపి శిలాతోరణం చూపించాలి. మాపటికి తన లాడ్జిలో దింపుకోవాలి.

చిక్కంతా చివరి ముక్కలోనే ఉంది. ఆమె మరిది ధనంజయ మద్రాసు బస్సుల ఏజెంటు. సాయంత్రం బస్సులో వాళ్లకు నాలుగు సీట్లు అప్పుడే రాసేశాడు.

"తెల్లోళ్లు పొద్దున వస్తారు, సాయంత్రం పోతారు వదినా. దేవుడు తప్ప ఈడ ఏముండాది? ఈ నెలలో ఒక్కరన్నా ఇష్టపడి నిలవకపోతే లాడ్జి నాకు బాడుగకిస్తానన్న్యావు, మర్సిపోవద్దు."

అవును, గదులు ఖాళీగా ఉంటున్నాయని అందరూ సాధిస్తుంటే ఉక్రోషంతో ఆ మాట అనేసింది. మొగుడు పోయాక పదేళ్లు ఒంటిచేత్తో నడిపిన లాడ్జి. దాన్ని టిక్కెట్ల కొట్టు చేయడం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

"ఆ పక్క మద్రాసు, ఈ పక్క బెంగుళూరు, నడుమ తలకోన జలపాతం, హార్స్‌లీ కొండ! మనదేమన్నా కాఫీ తాగి పొయ్యే స్టాపనుకున్నావా? సూస్తా ఉండప్పా!"

కొండమీద మునిప్రసాద్‌కు మొక్కు గుర్తొచ్చింది. "రెండే నిమిషాలు" అని కల్యాణకట్టలోకి దూరాడు. ఫ్రెంచివాళ్లలో పియేర్ అనే ఆయన వింత చూద్దామని వెంట వెళ్లి, అందరితోపాటు వరసలో కూర్చున్నాడు. కూర్చున్న తలను తడపడమే మంగలికి తెలుసు. నడుముదాకా ఉన్న జుట్టు, రొమ్ముదాకా ఉన్న గడ్డం గోవిందా అయిపోయాయి. పియేర్ మాత్రం గుండు తడుముకుని మురిసిపోయాడు.

సాయంత్రం విదేశీయుల ఫారాలు రాసుకోవడానికి కానిస్టేబుల్ చిన్నబ్బ లాడ్జికి వచ్చాడు. పాస్‌పోర్టు చూశాడు, పియేర్‌ను చూశాడు.

"ఏమమ్మా, ఫోటోలో ఉండేది సాధువు. ఈడ ఉండేది కొబ్బరికాయ. పదండి స్టేషనుకు."

తప్పు తనదేనని మునిప్రసాద్ పరుగెత్తి, భారతం నాటకాలవాళ్ల దగ్గర ధర్మరాజు జుట్టూ గడ్డమూ అడిగి తెచ్చి, దారిలోనే పియేర్‌కు అతికించాడు. ఎస్సై ఫోటోతో పోల్చి చూసి తృప్తిగా తల ఊపాడు. అంతలో ఫ్యాను గాలికి గడ్డం ఊడి ఫైలు మీద పడింది. అందాకా అది ఉత్త గుండు. ఇప్పుడు మారువేషం. నాలుగు పాస్‌పోర్టులూ బీరువాలోకి వెళ్లాయి. పాండిచ్చేరిలోని వాళ్ల కాన్సులేటు నుంచి ఉత్తరం వచ్చేదాకా నలుగురూ జిల్లా దాటరాదని ఎస్సై తేల్చేశాడు.

"సూసినావా వదినా, పోలీసు కేసు!" అన్నాడు వెనకాలే వచ్చిన ధనంజయ.

మరిది నవ్వు చూశాక పంకజాక్షికి ఒళ్లు మండింది.

"జిల్లా దాటగూడదు, అంతే కదా సార్? తలకోన మన జిల్లాలోనే ఉండాది. హార్స్‌లీ కొండా మన జిల్లాలోనే ఉండాది. గదిలో పెట్టి తాళమెయ్యమని ఏ చట్టంలోనన్నా ఉండాదా?"

ఏ చట్టంలోనూ లేదు. ఎస్సై కాపలాకు చిన్నబ్బను ఇచ్చి పంపాడు.

మూడు రోజులు వ్యాను జిల్లా అంతా తిరిగింది. వాళ్లు తలకోన జలపాతం కింద కేకలు పెట్టారు. నడి మే నెలలో హార్స్‌లీ కొండమీద దుప్పట్లు కప్పుకున్నారు. రాగిసంగటి మారు అడిగి తిన్నారు. ధనంజయ మాత్రం మెట్టు దిగలేదు.

"పోలీసులు కట్టేస్తే నిలిచినారు. ఇష్టపడి నిలిచినట్టా? అది లెక్కలోకి రాదు."

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది, పియేర్ పియేరే అని. చిన్నబ్బ పాస్‌పోర్టులు ఇవ్వడానికి వచ్చాడు. బయట ధనంజయ నాలుగు సీట్లు ఆపి, బస్సు హారన్ మోగిస్తున్నాడు. పియేర్ ఒక్కడే వరండాలో కూర్చుని నవ్వుతున్నాడు. మిగతా ముగ్గురూ గదుల్లో లేరు.

కాసేపటికి మునిప్రసాద్ వ్యాను కొండ దిగివచ్చింది. అందులోంచి పియేర్ భార్య సిల్వీ, ఆమె వెనక ఇద్దరు మిత్రులు దిగారు. మూడు గుండ్లూ గంధం పూసుకుని తళతళలాడుతున్నాయి.

"నేనేమీ సెప్పలేదక్కా!" అన్నాడు మునిప్రసాద్ చేతులెత్తి. "పొద్దున్నే లేపి వాళ్లే తోలకపొమ్మన్న్యారు. మళ్లా తలకోనకు పోవాలంట."

"ఇప్పుడు సెప్పప్పా," అంది పంకజాక్షి, "వీళ్లను ఎవరు కట్టేసినారు?"

ధనంజయ ఖాళీ సీట్లతో బస్సు పంపేశాడు. చిన్నబ్బ మూడు ఫోటోలనూ మూడు గుండ్లనూ మార్చి మార్చి చూసి, పాస్‌పోర్టులు మళ్లీ సంచిలో వేసుకుని, తలకోనకు తువ్వాలు తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్లాడు.