గరిటె పట్టినవాడికి మాటలెందుకు?

ఇంటికి పిలిచిన మనుషులతో మాట్లాడాల్సిన బాధ నుంచి మానవజాతిని కాపాడింది ఒకే ఒక్క వస్తువు. అది ఫోను కాదు. టీవీ అంతకన్నా కాదు. పళ్ళముక్కలు వేసిన వైన్ పంచ్!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. ఆకులు రాలే కాలం వచ్చిందంటే చాలు, ఎవరింటికి వెళ్ళినా హాలు మధ్యలో ఓ పెద్ద గాజు గిన్నె, అందులో ఎర్రటి వైను, దాని మీద తేలుతూ ఆపిల్ ముక్కలు, పక్కనే గరిటె పట్టుకుని ఇంటాయన. కొందరు దీన్ని కొత్త పిచ్చి అంటున్నారు. "సీసా మూత తీసి గ్లాసులో పోస్తే సరిపోయేదానికి మధ్యలో ఈ పళ్ళకొట్టేమిటి?" అని విసుక్కుంటున్నారు. పాపం, అమాయకులు. పంచ్‌లోని పరమార్థం వాళ్ళకి తెలియదు.

మీరే ఆలోచించండి. సీసాతో పార్టీ ఇస్తే ఏమవుతుంది? పది నిమిషాల్లో పోయడం అయిపోతుంది. తర్వాత? కూర్చోవాలి! ఎదుటి మనిషి మొహం చూడాలి! "ఇంకేంటి విశేషాలు?" అనాలి. వాళ్ళు నిజంగానే విశేషాలు చెప్పడం మొదలుపెడితే మన గతేమిటి?

పంచ్ అలా కాదు. ముందురోజు నుంచే చేతి నిండా పని. ఆపిల్ తొక్కతోనే కొయ్యాలి. బేరిపండు మరీ మెత్తగా ఉండకూడదు, మరీ రాయిలా ఉండకూడదు. అలాంటి బేరిపండు ఏడాదికి ఒక్క మధ్యాహ్నం మాత్రమే ఉంటుంది, ఆ మధ్యాహ్నం మనం ఆఫీసులో ఉంటాం. నారింజ చక్రాల్లో ఒక్క గింజ కనపడినా పరువు పోతుంది. నేను దానిమ్మ ఒలిచాక గోడ చూసి మా ఆవిడ "అయ్యో, ఎక్కడ తెగింది?" అని పరుగెత్తుకొచ్చింది. దాల్చినచెక్క, లవంగాలు మరిగించి, పంచదార కరిగించి, చల్లార్చి, అప్పుడు వైను పొయ్యాలి. వేడి మీద పోశారో, అంతే సంగతులు!

వైన్ షాపాయన్ని "మంచిది ఇవ్వండి" అని అడిగాను.

"పంచ్ కోసమా సార్?"

"అవును."

"అయితే మంచిదెందుకు సార్?" అన్నాడాయన. ఇంత నిజాయితీ గల వ్యాపారిని నేను ఈ మధ్య చూడలేదు.

ఇక పళ్ళముక్కల మహిమ వినండి. నోట్లో బేరిముక్క ఉన్న మనిషి ఎవరితోనైనా పోట్లాడగా చూశారా? మింగేలోపు కోపం చల్లారుతుంది. చల్లారలేదా, ఇంకో ముక్క వడ్డిస్తే సరి. మా పక్కింటాయన ప్లంబరు, వాళ్ళావిడ లెక్కల టీచరు. ఎవరింటికి వెళ్ళినా ఒక్కసారైనా గొడవపడనిదే తిరిగిరారు. అలాంటివాళ్ళు నా పంచ్ గిన్నె దగ్గర రెండు గంటలసేపు పక్కపక్కన నిలబడి నములుతూనే ఉన్నారు. "పెళ్ళయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదండీ" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఇంత చెప్పాను కానీ, నేను పంచ్ ఎందుకు చేశానో చెప్పలేదు కదూ? ఏముంది, మా అక్క వస్తానంది.

మా అక్క టైలరు. మూడేళ్ళుగా మా గడప తొక్కలేదు. తప్పు ఆవిడది కాదు, పత్రికలో నేను వారం వారం రాసే ఈ కాలమ్‌ది. మూడేళ్ళ క్రితం ఇదే చోట 'కొలతలు తెలియని కత్తెర' అని ఒకటి రాశాను. ఓ టైలరమ్మ కుట్టిన చొక్కాకి గుండీలు పెట్టుకోలేక ఆవిడ తమ్ముడు పడిన పాట్లు. పేరు రాయలేదు లెండి. పేరు రాయకపోతే ఎవరికి తెలుస్తుందని నా ధీమా. అక్క షాపున్న వీధి వీధంతటికీ తెలిసింది. బట్టలు ఇవ్వడానికొచ్చినవాళ్ళు "గుండీలు పడతాయా అమ్మా?" అని అడిగి మరీ నవ్వారట. మీరూ నవ్వారు. ఇంకోటి రాయమని ఉత్తరాలు కూడా రాశారు.

నిజానికి ఆ చొక్కా కావాలని అడిగింది నేనే. కొలతలు ఫోన్లో చెప్పింది నేనే. సిగ్గుపడి పొట్ట నాలుగంగుళాలు తగ్గించి చెప్పింది కూడా నేనే. ఆ సంగతి కాలమ్‌లో పట్టలేదు.

అక్క ఒక్క మాట అనలేదు. రావడం మానేసింది, అంతే. చివరికి మా ఆవిడే ఫోన్ చేసి బతిమాలి ఒప్పించింది. "మీరు చెయ్యాల్సిందల్లా ఒకటే. పక్కన కూర్చుని 'తప్పయింది అక్కా' అనండి. రెండు మాటలు" అంది నాతో.

రెండు మాటలట! ఆ రెండు మాటలు అనడం కంటే పన్నెండు మందికి పంచ్ కలపడం ఎంత సులువో ఆవిడకేం తెలుసు? వెంటనే ఇంకో పదకొండు మందిని పిలిచాను.

శనివారం సాయంత్రం అక్క వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. కళ్ళజోడు కొత్తది. "బాగున్నావురా?" అంది. ఏదో అనబోయాను. అదృష్టవశాత్తూ ఐసు కరిగిపోతోంది!

అక్కడి నుంచి చూడాలి పంచ్ ప్రతాపం. అక్క సోఫాలో కూర్చుంటే నేను గిన్నె దగ్గర. అక్క గిన్నె దగ్గరికి వస్తే నేను సోడా కోసం వంటింట్లో. అక్క వంటింట్లోకి వస్తే నేను నారింజ చక్రాలతో హాల్లో. మా ఆవిడ నన్ను మింగేసేలా చూస్తోంది. నేనేం చెయ్యను? కలపకపోతే పంచదార అడుగున పేరుకుపోదూ?

ఇక్కడ మా మామగారి గురించి చెప్పాలి. రిటైరయిన స్టేషన్ మాస్టరు. చుక్క ముట్టరు. "నాకా పాడు నీళ్ళు వద్దు అల్లుడూ. ఆ పళ్ళముక్కలు మాత్రం ఓ కప్పులో వేసియ్యి" అన్నారు. ఆ ముక్కలు ముందురోజు నుంచి వైనులో నానుతున్నాయనీ, గ్లాసులో ఉన్నదానికంటే ముక్కలోనే సరుకు ఎక్కువనీ ఆయనకి తెలియదు. చెబుదామనుకున్నాను. కానీ చెప్పాలంటే ఆగి మాట్లాడాలి కదా!

మూడో కప్పు తింటూ ఆయన, పళ్ళు ఆరోగ్యానికి ఎంత మంచివో ప్లంబరుగారికి బోధించారు. నాలుగో కప్పు తర్వాత కుర్చీలోంచి లేచారు. లేచి, ప్లాట్‌ఫారమంతా వినపడే గొంతుతో ఎనౌన్సుమెంటు మొదలుపెట్టారు.

"దయచేసి వినండి! మా అల్లుడు వాళ్ళక్కకి చెప్పాల్సిన క్షమాపణ మూడేళ్ళు ఆలస్యంగా నడుస్తోంది! ఎప్పుడొస్తుందో మాకే తెలియదు! పాపం ఆ అమ్మాయి వెయిటింగు రూములో కూర్చునే ఉంది!"

హాల్లో అందరూ నమలడం ఆపేశారు. అందరూ నా వైపే చూశారు. అక్క కూడా చూసింది. ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? నోరు తెరిచాను.

"ఇంకో గ్లాసు పోయనా అక్కా?" అన్నాను.

అక్క కోప్పడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, మా ఆవిడకి వెళ్ళొస్తానని చెప్పి, చెప్పులు వేసుకుంది. నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"పంచ్ బాగుందిరా" అంది.

"అక్కా, అది కాదు... నీ గురించి మంచి కాలమ్ ఒకటి రాద్దామని..."

"ఆ రోజు ఊరందరికీ వినపడేలా అన్నావు. ఇవాళ ఊరందర్నీ పిలిచి వాళ్ళ వెనక దాక్కున్నావు. నా ఒక్కదానికి వినపడేలా ఒక్క మాట అనలేవురా?"

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చూశారా పంచ్ ఘనత? మూడేళ్ళు నిలబెట్టుకున్న మౌనాన్ని చెక్కుచెదరకుండా ఇంకో సాయంత్రం నిలబెట్టింది! వచ్చినవాళ్ళంతా బ్రహ్మాండం అన్నారు. గిన్నె ఖాళీ. నాకే గొంతులో ఏదో అడ్డం పడింది. బేరిముక్క అనుకున్నాను. రెండు రోజులైనా దిగలేదు.

ఇవాళ ఇది రాయడానికి కూర్చున్నాక గానీ నా తెలివి నాకు అర్థం కాలేదు. అక్కకి చెప్పాల్సిన రెండు మాటలు ఇన్ని వాక్యాల్లో నానబెట్టి, మళ్ళీ మీ అందరికీ పోస్తున్నాను! ఈసారి పదకొండు మంది కూడా కాదు, పత్రిక కొన్నవాళ్ళందరూ. సిగ్గుగా ఉంది.

అందుకని ఇలా ఏర్పాటు చేశాను. ఈ కాగితాలు జేబులో పెట్టుకుని ఇప్పుడే అక్క షాపుకి వెళ్తున్నాను. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ముందు అనాల్సింది అంటాను, అక్కకి మాత్రమే వినపడేలా. ఆ తర్వాత ఇది చదివి వినిపిస్తాను. అక్క సరే అంటేనే పత్రికకి వెళుతుంది. వద్దంటే, ఈ చోట పంచ్ తయారీ విధానం వెయ్యమని ఎడిటరుగారికి చెప్పి ఉంచాను. ఫొటోతో సహా ఆయన బల్ల మీద సిద్ధంగా ఉంది.

కాబట్టి పాఠకులారా, ఈ వారం మీకిక్కడ రెసిపీ కనపడలేదంటే, మా అక్క నన్ను క్షమించిందని అర్థం.