ఊడి చేతికొచ్చింది

శనివారం పొద్దున డెల్మర్ పెట్టుకున్న పని ఒక్కటే: ఇంట్లో బల్లకు బిగించిన ప్రాక్టీసు తాళంలోంచి కోర్ అనే ఇత్తడి ముక్కను తాళంచెవి లేకుండా ఊడబీకడం. ఆ జాతి తాళం ఒక దారిలో తిరిగితే తలుపు తెరుచుకుంటుంది, ఇంకో దారిలో తిరిగితే కోరే ఊడి చేతికొస్తుంది. ఏ దారిలో తిరిగేదీ, తిప్పడానికి లోపల దూర్చిన ఒత్తిడి పుల్ల దేన్ని పట్టుకుందో దాన్నిబట్టి ఉంటుంది. రెండో దారి కోసం డెల్మర్ పళ్ళున్న పుల్ల కొన్నాడు. చలికాలమంతా అది జారిపోవడం, మొదటి దారే తిరగడం. తలుపే లేని తాళాన్ని తెరిచి తెరిచి అతనికి ప్రాణం విసిగిపోయింది.

ఆ రోజు పుల్ల కాస్త పట్టినట్టనిపించింది. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. మార్లిస్ అప్పుడు చర్చి కింది అంతస్తు వంటగదిలో, హార్లన్ ట్వైట్ అంత్యక్రియల భోజనం పనిలో తలమునకలుగా ఉంది. సిగ్నల్ అందక తాళంచెవి బల్లమీద పెట్టి బయటి హాల్లోకొచ్చింది. వెనకాలే తలుపు మూసుకుని, దానంతటదే తాళం పడిపోయింది.

"పట్టింది మార్లిస్! కదిలింది కూడా!"

"నా ఖర్మ కదిలింది! చెవి లోపలుండిపోయింది. ఓవెన్లో భోజనాలకి పెట్టిన హాట్‌డిష్ వంటకం ఉంది. పైన ప్రార్థన మొదలైపోయింది. వచ్చి తెరువు!"

"వాడకంలో ఉన్న తాళం ముట్టుకోకూడదని మా తాళాల క్లబ్బు నియమం..."

"ఏడ్చి ఏడ్చి ఆకలితో దిగొచ్చేవాళ్ళకి నీ నియమం వడ్డించమంటావా?"

రెండో చెవి ఉన్న చర్చి కాపలాదారు గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతున్నాడు. ఫోన్ ఎత్తలేదు. డెల్మర్ మంచు బూట్లతోనే పరుగెత్తుకొచ్చి వంటగది తలుపు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. దానిదీ ఇంట్లో ఉన్న జాతి తాళమే. కంగారులో చేతికందిన పుల్లే దూర్చాడు. అది పళ్ళున్నది.

"గట్టిగా నొక్కవయ్యా!"

"గట్టిగా నొక్కితే పిన్నులు బిగుసుకుంటాయి. మెల్లిగా..."

"మాడు వాసనొస్తుంటే మెల్లిగా ఏంటి!"

టక్కుమంది. కోర్ ఊడి అతని అరచేతిలో పడింది.

"వచ్చేసింది!" అని డెల్మర్ చర్చి అదిరేలా అరిచాడు. పైన పాస్టరు అందరినీ మౌనంగా ఉండమన్నది సరిగ్గా అప్పుడే.

"తలుపేదీ?"

"తలుపు సంగతి తర్వాత, ముందిది చూడు!"

"ఇంట్లో ఊడమంటే తెరుచుకుంటుంది, ఇక్కడ తెరుచుకోమంటే ఊడుతుంది. నీతో నేను వేగలేను!"

మెట్ల మీద నల్లకోట్లు దిగొస్తున్నాయి. మార్లిస్‌కి తల కొట్టేసినట్టయింది. హాల్లో పరిచి ఉంచిన భోజనబల్ల మీది వెన్న చాకు లాక్కుని, మొగుడి మీది కోపమంతా పెట్టి, కోర్ ఊడిన కన్నంలో పొడిచి తిప్పింది. తలుపు తెరుచుకుంది.

హాట్‌డిష్ అంచులు నల్లబడ్డాయి. అందరికన్నా ముందున్న హార్లన్ భార్య ఐలిన్ తొంగిచూసింది.

"ఆ మాడిన మూల నాకు పెట్టు మార్లిస్. దానికోసం హార్లన్ రోజూ నాతో పోట్లాడేవాడు," అంటూ నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

ఈ సందట్లో డెల్మర్ చేతిలోంచి కోర్ జారి కిందపడింది. లోపలి పిన్నులు చెల్లాచెదురై, అది మళ్ళీ కన్నంలోకి దూరనంది. కొత్తది వచ్చేదాకా ఆ తలుపుకు వెన్న చాకే తాళంచెవి అని మార్లిస్ తీర్మానించింది.

సాయంత్రం గిన్నెలన్నీ కడిగాక, ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ చాకును వంటగది సొరుగులో భద్రంగా పెట్టి, బయటికొచ్చి, తలుపు గట్టిగా వేసింది.