పియానో కావలసిన పెట్టె

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఆయనను అందరూ అట్టల మాస్టారు అంటారు. ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఫ్యాక్టరీ ఓనరుగారు ఇంటికొస్తారు. మాస్టారి తొమ్మిదేళ్ల కూతురు అట్టలు మడిచి పియానో చేసి, అందులో చేతిలో పట్టేంత వీడియో గేమ్ పరికరం పెట్టి వాయిస్తుంది. పిల్లకు నచ్చితే ఇలాంటి అట్టబొమ్మలు తయారుచేసే ఆర్డరు ఓనరుగారు ఒప్పుకుంటారు. నచ్చకపోతే మాస్టారి సెక్షన్ మూతపడుతుంది, ఆయన ఉద్యోగం దానితోనే పోతుంది.

ఇంత పెద్ద వ్యవహారాన్ని చిన్నపిల్ల చేతిలో పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. అది లేచేలోపు తానే చేసేస్తే ఇక వాయించడం ఒక్కటే మిగులుతుంది కదా అనుకున్నారు.

ఏ మడత తర్వాత ఏ మడతో గేమ్‌లోంచి ఒక ఆడగొంతు చెబుతుంది. ఇరవై ఏళ్లుగా అట్టలతో బతుకుతున్నవాడికి ఇది నేర్పాలా? గేమ్‌ను బోర్లించి, అట్ట లేవకుండా దాని మధ్య బరువుగా పెట్టారు. పాపం, ఆ చేతులకు వచ్చిన విద్య ఒక్కటే. మూలకు మూల కలిపారు, అడుగున టేపు వేశారు, పైన రెండు వరసలు వేశారు. మిగిలిన సన్నముక్కలను అలవాటుగా తుక్కు సంచిలో పడేశారు. నొక్కి వాయించాల్సిన మెట్లు అవే. చివరికి ఎదురుగా ఉన్నదాన్ని చూసి తికమకపడ్డారు. అది అన్నివైపులా మూసుకున్న, వంక పెట్టలేని పెట్టె.

"చాలా బాగా చేశారు. ఇప్పుడు మూత తెరవండి," అంది పెట్టె.

వంటింట్లోంచి భార్య వచ్చింది. "ఎవరండీ ఆవిడ?"

ఎవరూ లేరన్నారు మాస్టారు. నిజమే చెప్పారు గానీ, ఆ చెప్పడంలో ఏదో తేడా కొట్టింది. ఆవిడ తలుపు వెనక చూసింది, బీరువా తెరిచింది, పరదాలు దులిపింది. ఈలోగా కూతురు లేచి గేమ్ ఏదంటూ ఏడుపు లంకించుకుంది. మాస్టారు టేపు పీకబోయారు. మేడ మీంచి పడ్డా ఊడకుండా వేసిన టేపు ఊడుతుందా? కత్తి పెడితే లోపలి గేమ్ తెర గీసుకుపోతుందేమోనని భయం. అంతలో ఓనరుగారు అరగంట ముందే దిగారు.

"మీ పాపకు నచ్చిందా?"

"బ్రహ్మాండంగా అండీ," అన్నారు మాస్టారు, పెట్టెను వాటేసుకుని.

"మళ్లీ ప్రయత్నించండి," అంది పెట్టె.

ఓనరుగారికి ఏమీ అంతుబట్టక పిల్లనే అడిగారు.

"నాకేం తెలుసు? మడిచేది నువ్వే అన్నాడు. అంతా నాన్నే చేసేసుకున్నాడు," అంటూ అది వెక్కిళ్లు పెట్టింది.

ఉద్యోగం పోయిందనే అనుకున్నారు మాస్టారు. అయినా అంతకంటే పిల్ల మొహం చూడలేకపోయారు. "తప్పు నాదేనండీ. పాడుచేస్తుందని దాన్ని నమ్మలేదు," అని ఒప్పేసుకున్నారు.

ఓనరుగారు నేలమీద చతికిలబడి, ఓపిగ్గా ఒక మూల టేపు కోశారు. పిల్ల తుక్కు సంచి బోర్లించి మెట్లు ఏరుకుంది. ఆడగొంతు చెప్పినట్టల్లా మడిచింది, తప్పితే విప్పి మళ్లీ మడిచింది. మాస్టారు సాయం చేయబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. రెండు గంటలు అన్నం మాటే ఎత్తలేదు. పియానో మోగాక రెండు నిమిషాలు వాయించి, ఇంకో అట్టబొమ్మ ఉందా అని అడిగింది. ఓనరుగారు చూడాల్సింది చూసేశారు.

ఆర్డరు ఖాయమైంది, సెక్షన్ నిలబడింది. బొమ్మల పెట్టెల మీద మాత్రం ఓనరుగారు దగ్గరుండి ఒక హెచ్చరిక అచ్చు వేయించారు: పెద్దలకు అందకుండా ఉంచండి.