మంత్రిగారి తోట మట్టి

"మన గోధుమ ముడి చమురుకు భయపడదు!" అని మంత్రిగారు మా ప్రయోగశాల మెట్ల మీద నిలబడి ప్రకటించారు. చమురు పైపు పగిలి పొలాలు నల్లబడి అప్పటికి నెల. అయినా అంత ధైర్యం! కుండీలకు నీళ్లు పోసే అటెండరుగా నేను పక్కనే ఉండి విన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఆ ధైర్యానికి ఆధారం మా సైంటిస్టు మేడమ్ గాజు గిన్నెలో పెంచిన గోధుమ కణాలు. చుక్క చమురు వేసినా పది రోజులు బతికాయి.

"గిన్నెలో కణాలు బతికాయి సార్. పొలం మట్టి వేసిన కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి," అంది మేడమ్.

కుండీలు రెండు వరుసలు. ఒకదాంట్లో, చమురుకు పొలం పాడైన రైతు అక్క ఒకామె తన చేలోంచి తెచ్చిన మట్టి. రెండోదాంట్లో, పోల్చి చూడటానికి, నేను మంత్రిగారి బంగళా తోట నుంచి తెచ్చిన మట్టి. తోట మట్టిలో గోధుమ జానెడెత్తు పెరిగింది. పొలం మట్టిలో చీపురు పుల్లలు మిగిలాయి.

అక్క రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేది. "తమ్ముడూ, విత్తడానికి ఇంకో పది రోజులే టైముంది. ఆ నల్లమట్టి తీసే బండ్లు పంపమని చెప్పవా?" అనేది. కానీ నాది నీళ్లు పోసే ఉద్యోగం.

మంత్రిగారు కుండీలన్నీ శ్రద్ధగా చూశారు. "పచ్చగా ఉన్నదే పొలం మట్టి. కుండీల మీది చీటీలు మార్చండి."

"అది తమరి తోట మట్టి సార్," అంది మేడమ్.

"నాదైతే ఏం? ప్రజల కోసం ఇచ్చేశాను."

చీటీలు నేనే మార్చి రాశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని, రిపోర్టు, రైతులకిచ్చే నేల సర్టిఫికెట్లు కూడా నా చేతే రాయించారు.

పై ఆఫీసు రిపోర్టు పూర్తిగా చదివింది. ఇది ఎవరూ ఊహించలేదు. అక్క పొలం 'శుభ్రమైన నేల' అయింది. మంత్రిగారి తోటకు అర్జెంటుగా శుద్ధి ఆర్డరొచ్చింది. మర్నాడే బండ్లు దిగి, గులాబీలతో సహా మూరెడు లోతు తవ్వేశాయి. మంత్రిగారు ఫోన్లో గంటసేపు అరిచి, తర్వాత పత్రికలకు నవ్వుతూ చెప్పారు. "శుద్ధి నా ఇంటి నుంచే మొదలుపెట్టాను."

ఆ మట్టి లారీకి సాక్షిగా నన్ను పంపారు. తన పొలం దగ్గర అక్క రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"నాయనా, ఆ మట్టి నా చేలో పొయ్యి."

"ఇది విషపు మట్టమ్మా. చెడిపోయిన నేలలోనే పొయ్యాలి," అన్నాడు డ్రైవరు.

"నాది చెడిపోయిందే! చూడు, చమురు జిగటకు అతుక్కుని చెప్పులు ఊడి రావడం లేదు."

"కాగితం ఉందా?"

ఆమె కొంగున దాచిన సర్టిఫికెట్ తీసి నా చేతికిచ్చింది. "నాకు చదువు రాదు తమ్ముడూ. ఏం రాశారో నువ్వే చదివి చెప్పు."

అక్షరాలు నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి.