ఆగని పెట్టె మీద ఫిర్యాదు

ఈ లోకంలో ఏ వస్తువైనా ఉనికిలోకి రావాలంటే ముందు అది చెడిపోవాలి. ఇది వేదాంతం కాదు. మా అక్క పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలో పరికరాల నిబంధనావళి, పదకొండో నిబంధన. చెడిపోయిన వస్తువు మీద ఫిర్యాదు వస్తుంది. ఫిర్యాదుకి నంబరు వస్తుంది. ఆ నంబరు పట్టుకుని వస్తువు పోర్టల్‌లోకి ఎక్కుతుంది. చెడిపోని వస్తువుకి నంబరు ఉండదు కనుక అది లేనట్టే లెక్క. (దేవుడికీ ఇదే నిబంధన వర్తిస్తుందేమో. మనం ఆయన్ని తలుచుకునేది ఫిర్యాదులతోనే కదా.)

మా అక్క పంతొమ్మిదేళ్లుగా పవర్ ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధన చేస్తోంది. అదేం చదువని బంధువులు అడిగినప్పుడల్లా ఒకటే చెబుతుంది: "ఎండలోంచి వచ్చే కరెంటుకీ మన ఇళ్లల్లో వాడే కరెంటుకీ పడదు. మధ్యలో కూర్చుని రెండింటికీ కుదర్చడమే నా పని." అంటే పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగమే. కాకపోతే పేరయ్యకి రెండు వైపులా భోజనం పెడతారు, అక్కకి రెండు వైపులా షాక్ కొడుతుంది.

ఆరేళ్ల క్రితం ఆమె అలా రెండింటికీ కుదిర్చే ఇన్వర్టర్ ఒకటి తన చేతులతో తయారుచేసింది. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది, బూడిద రంగు, పక్కన ఒక ఆకుపచ్చ దీపం. విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల టీకాలు దాచే ఫ్రిజ్‌కి దాన్ని తగిలించింది. డాబా మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీ, నడుమ ఈ పెట్టె. అక్కడ మామూలు కరెంటు రోజుకి మూడుసార్లు పోతుంది. ఆ సంగతి ఫ్రిజ్‌కి ఇంతవరకు తెలియదు. ఆరేళ్లలో పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. అక్క చేసిన నేరం ఇదే.

ఈ ఏడాది ఒక ప్రొఫెసర్ పదవికి దరఖాస్తులు పిలిచారు. వయసు నిబంధన ప్రకారం అక్కకి ఇదే ఆఖరి అవకాశం. బరిలో ఉన్నది ఇద్దరే. రెండో ఆయన ప్రతి మాటకీ ఒక గ్రాఫు చూపిస్తారని శాఖలో అందరూ ఆయన్ని గ్రాఫుల గారు అంటారు. ఆయన కూడా ఒక ఇన్వర్టర్ చేసి గ్రంథాలయంలో పెట్టారు. అది నలభై ఒక్కసార్లు చెడిపోయింది. ఆ పుణ్యాన దానికి నలభై ఒక్క ఫిర్యాదు నంబర్లు, దిండంత ఫైలు, ఎందుకు చెడిపోయిందో వివరిస్తూ తొమ్మిది పరిశోధన పత్రాలు, ఇకముందు ఎలా చెడిపోగలదో ఊహిస్తూ మరో నాలుగు పత్రాలు సమకూరాయి. (గ్రంథాలయానికి వచ్చేవాళ్లు టార్చిలైట్లు తెచ్చుకుంటున్నారు. దాని మీద పద్నాలుగో పత్రం అచ్చులో ఉంది.)

అక్కకి ఫారాలంటే ఒళ్లుమంట. నాకు అవే జీవనాధారం. పత్రికలో వారం వారం వాటిని తిడుతూ బతుకుతున్నాను. అందుకని ఆమె దరఖాస్తు నేనే నింపాను. 'మీరు తయారుచేసిన పరికరం' అనే గడి దగ్గర ఫిర్యాదు నంబరు అడిగింది. ఖాళీగా వదిలేస్తే పేజీ కదల్లేదు. సున్నాలు కొట్టి చూశాను. 'ఈ సంఖ్య గల లోపం మా వద్ద లేదు. దయచేసి సరైన లోపాన్ని నమోదు చేయండి' అంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను.

"పెట్టె పనిచేస్తోందా సార్?" అంది అవతలి గొంతు.

"ఆరేళ్లుగా భేషుగ్గా పనిచేస్తోందండీ."

"అదే సార్ సమస్య. పనిచేస్తోందని మీరంటున్నారు. మా దగ్గర ఆధారం లేదు."

"వచ్చి చూసుకోండి. దీపం వెలుగుతోంది."

"దీపాలకి పాయింట్లు లేవు సార్. ఏదో ఒక చిన్న రిపేరు రానివ్వండి. ఒక్కటి చాలు. దరఖాస్తుకి ముప్పై పాయింట్లు పడతాయి."

ఈ మాట అక్కకి మోసుకెళ్లాను. ఒక వైరు పీకి ఐదు నిమిషాల్లో మళ్లీ పెట్టేస్తే పోలా అని నా వంతు సలహా కూడా చేర్చాను. ఆమె ఏదో సోల్డరింగ్ చేసుకుంటోంది. తలెత్తలేదు.

"ఆగకూడదనే కదరా దాన్ని చేశాను. ఆపడానికి పంతొమ్మిదేళ్లు చదవాలా? నువ్వు చాలవూ?"

నాకు కోపం రాలేదు. మా ఇంట్లో ఒక రేడియో, ఒక గోడ గడియారం, అమ్మ కుట్టుమిషను నా చేతుల్లోనే ఆగాయి. వాటిని మళ్లీ నడిపించింది అక్కే.

సంగతి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చెవిన పడింది. అక్కంటే ఆవిడకి ప్రాణం. "ఫిర్యాదే కదా మేడమ్ కావాల్సింది, నేను రాస్తాను. కానీ అబద్ధం మాత్రం రాయలేను," అంది. అన్నట్టే ఉన్నది ఉన్నట్టు రాసి పోర్టల్‌లో పెట్టింది: 'ఫ్రిజ్ పక్కనున్న పెట్టె ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఆగడం లేదు. తమ దృష్టికి తెస్తున్నాను.'

పావుగంటలో నంబరు వచ్చింది. పెట్టె పుట్టింది. ఫిర్యాదు పరిష్కారమయ్యాకే చెల్లుతాయన్న షరతు మీద అక్క పేరున ముప్పై పాయింట్లు పడ్డాయి. మొత్తం కలిపితే గ్రాఫుల గారి కంటే నాలుగు ఎక్కువ. అమ్మ ఆ సాయంత్రానికే పక్కింటివాళ్లకీ ఎదురింటివాళ్లకీ చెప్పేసింది.

మర్నాడు మంగళవారం, టీకాల రోజు. పొద్దున్నే నిర్వహణ విభాగం నుంచి ఎలక్ట్రీషియన్ దిగాడు. (బల్బు మార్చమంటే మూడు నెలలు పట్టే విభాగం అది.)

"ఏమ్మా, ఆగడం లేదట?"

"అసలాగదయ్యా," అంది నర్సమ్మ గర్వంగా.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు."

"ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని మందలించి, పెట్టె వెనకున్న స్విచ్ కట్టేశాడు. దీపం ఆరిపోయింది. స్విచ్ మీద కాగితం సీలు అంటించి, ఫ్రిజ్ వైరు తీసి గోడ ప్లగ్గులో పెట్టాడు.

"అయ్యయ్యో, ఆపమని కాదయ్యా," అంది నర్సమ్మ.

"మరి ఫిర్యాదు ఎందుకిచ్చారు?"

(దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు. నాలుగు వారాలుగా వాకబు చేస్తున్నాను.) అతను 'సమస్య పరిష్కరించబడింది' అని నొక్కి, ఐదు నక్షత్రాలు ఇమ్మని ఆవిడని అడిగి వెళ్లిపోయాడు.

నర్సమ్మ ఫోన్ చేస్తే అక్కా నేనూ పరిగెత్తాం. మేం చేరేసరికి మామూలు కరెంటు పోయి గంట దాటింది. బయట బెంచీల మీద పిల్లల్నెత్తుకుని తల్లులు కూర్చున్నారు. ఒక్కో పిల్లని పిలిచిన ప్రతిసారీ ఫ్రిజ్ తలుపు తెరవాల్సి వస్తోంది. లోపలి థర్మామీటరు ఏడు డిగ్రీలు చూపిస్తోంది. ఎనిమిది దాటితే మందంతా పారబోయాల్సిందే.

నేను ఫోన్‌లో నిబంధన చదివి వినిపించాను. సీలు తీస్తే ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంటుంది. తెరిచి ఉన్న ఫిర్యాదుకి పాయింట్లు చెల్లవు. ఇంటర్వ్యూ ఎల్లుండి.

"రెండు రోజులే అక్కా. ఐసు తెప్పిద్దాం," అన్నాను.

"ఏడున్నర అయింది," అంది అక్క.

ఫ్రిజ్ వైరు తెచ్చి పెట్టెకి తగిలించింది. సీలును గోటితో గీరి తీసి స్విచ్ వేసింది. దీపం వెలిగింది. ఫ్రిజ్ ఒకసారి వణికి మళ్లీ తన పని మొదలుపెట్టింది. నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ తర్వాతి పిల్లని పిలిచింది. నాకు అక్కని చూసి గర్వమూ, ఆ పోర్టల్ కట్టినవాళ్లని తలుచుకుని కడుపుమంటా ఒకేసారి కలిగాయి. (నిబంధనల ప్రకారం ఒకసారికి ఒక భావాన్నే నమోదు చేయాలి.)

గ్రాఫుల గారు ప్రొఫెసర్ అయ్యారు. పాపం ఆయన మంచివాడే. అక్కని పలకరించడానికి ఇంటికొచ్చి, "ఒక్కసారి చెడిపోనిచ్చి ఉండాల్సిందమ్మా, నన్నడిగితే ఎలాగో చెప్పేవాణ్ని," అని నిజంగానే బాధపడ్డారు. అక్క ఆయనకి టీ ఇచ్చి, గ్రంథాలయంలో పెట్టెని వీలున్నప్పుడు వచ్చి చూస్తానంది. ఆయన కంగారుగా వద్దన్నారు.

ఆరోగ్య కేంద్రంలో ఆకుపచ్చ దీపం ఇవాళ్టికీ వెలుగుతూనే ఉంది. పోర్టల్‌లో ఆ పెట్టె నంబరు ఎదురుగా మాత్రం ఎర్ర అక్షరాలు ఉన్నాయి: 'లోపం ఇంకా సరికాలేదు. బాధ్యత: తయారుచేసిన వ్యక్తిది.'