తెర మీద చినబాబు నీడ

పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోస్తూ నీలవేణి ఆ మాట ఎత్తింది. సాయంత్రం కోటబొమ్మాళి స్టేషను పక్క మైదానంలో ప్రచార వ్యాను వాళ్లు ఉచితంగా చిన్న సినిమా వేస్తారట. పెళ్లాన్ని అనుమానిస్తూనే చచ్చిన మొగుడు దెయ్యమై వచ్చి, ఆవిడ ఏ తప్పూ ఎరగదని కళ్లారా చూసి ఏడుస్తాడట.

“నువ్వు తప్పకండా సూడాల మావా,” అంది మొగుడితో.

చినబాబు ఉలిక్కిపడ్డాడు. పెళ్లాన్ని చూసి పాలవాడు నవ్వినా, ఆమెని పోస్టుమాను పేరుపెట్టి పిలిచినా ఆ రోజంతా వీధరుగు మీద కాపలా కాసే మనిషి అతను.

“కతంతా నీకెవుడు సెప్పినాడే?”

“తవిటమ్మొదిన.”

“ఆవిడికెవుడు సెప్పినాడు?”

నీలవేణి మజ్జిగ చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. చినబాబు తెర కంటే పెళ్లాం వైపే ఎక్కువ చూశాడు. సరిగ్గా చితి మీంచి దెయ్యం లేచే వేళకి నీలవేణి పక్కన తలపాగా ఒకటి కనబడింది. అది మంచుకి తలగుడ్డ చుట్టుకున్న ముసలి గురమ్మ. ఆ సంగతి చినబాబుకేం తెలుసు? “ఎవుడ్రా అక్కడ!” అని చేతులు చాచి లేచాడు. సినిమా మిషను వెలుగు వీపున పడి, అతని నీడ తెరంతా నల్లగా కమ్మేసింది.

“బాబోయ్, దెయ్యం బయటికొచ్చీసినాది!” అని ఎవరో కేక పెట్టారు. జనం చెల్లాచెదరయ్యారు. ఆ తొక్కిడికి మిషను తీగ ఊడి అంతా చీకటయిపోయింది. చినబాబు ఆడవాళ్ల వైపు దూకి, పెళ్లాం చెయ్యి దొరకబుచ్చుకుని, ఆగమన్నా ఆగకుండా ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు.

లాంతరు వెలుగులో చూస్తే ఆ చెయ్యి తవిటమ్మది!

“ఇదేటి తమ్ముడూ!” అంటూ ఆవిడ రొప్పుతుండగానే, ఆవిడ మొగుడు నరసింగరావు కర్ర పట్టుకుని వచ్చిపడ్డాడు. వెనక వీధి వీధంతా వచ్చింది.

“సీకట్లో నా ఆడదాన్ని లాక్కొచ్చీసినావురా?”

“మా ఆడదనుకున్నానన్నా! మనిసన్నాక నమ్మకముండాల!” అని దండం పెట్టాడు చినబాబు. ఆ మాట అతని నోట వినడం వీధికి అదే మొదలు.

కర్ర లేచింది. నీలవేణి జనాన్ని తోసుకొచ్చి అడ్డం నిలబడింది.

“ఆగన్నా! మా మావ సంగతి నాకు తెల్దా? సీకట్లో పొరపాటు పడ్డాడు. నాకే అనుమానమూ నేదు.”

కర్ర దిగింది. అందరూ వెళ్లిపోయారు. చినబాబు కళ్లు చెమర్చాయి. ఇలాంటి ఇల్లాలినా ఇన్నాళ్లూ అనుమానించాను అనుకుంటూ అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయాడు. పరాయి ఆడదాని చెయ్యి పట్టుకొస్తే ఇంత సులువుగా నమ్మేసిందా!

“ఒసే, నా మీద నీకు అనుమానం ఎందుకు రానేదే? నీ మనసులో ఏటుంది?”

చేపల పులుసు పూర్తిగా చల్లారేదాకా ఆ విచారణ సాగింది.